వ్యాధి భయం మొదలైనప్పుడు ఎగబడి కొనడం, ఇంట్లో సరుకు నిల్వ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కడో ఒక వ్యాధి గురించిన వార్త వస్తుంది. మర్నాటికి దుకాణంలో ఒక అర ఖాళీ అవుతుంది. ఆ మర్నాటికి ఆ ఖాళీ అర ఫొటో అందరి ఫోన్లలోకీ చేరుతుంది. అక్కడినుంచి జనం అడిగే ప్రశ్నలు ఏటేటా ఇంచుమించు ఇవే. జవాబులు రాస్తున్న నేనూ ఒకప్పుడు ఆ వరుసలో నిలబడి అక్కర్లేనివి మోసుకొచ్చినవాడినే. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇంట్లో కొంత సరుకు నిల్వ ఉంచుకోవడం తప్పా?

తప్పు కాదు. కొన్ని దేశాల్లో ప్రభుత్వాలే ఉంచుకోమంటాయి. పది రోజులకు సరిపడా తిండి ఇంట్లో పెట్టుకోవాలని జర్మనీ పౌరరక్షణ విభాగం చెబుతోంది. స్వీడన్ ఇంటింటికీ పంపిన పుస్తకంలో వారం రోజుల మాట ఉంది. కాబట్టి అటకమీద నాలుగు డబ్బాలు ఉన్నంత మాత్రాన మీరు దొంగ నిల్వదారు అయిపోరు.

ఎంత కొన్నారన్నదాని కంటే ఎప్పుడు కొన్నారన్నదే ఇక్కడ లెక్క. ఏ అలజడీ లేని నెలలో వారానికొక ప్యాకెట్ ఎక్కువ కొంటే ఎవరికీ తెలియదు, దుకాణానికి బేరం పెరుగుతుంది కూడా. అవే నాలుగు ప్యాకెట్లు వార్త వచ్చిన సాయంత్రం కొంటే, మీ వెనక ఉన్న ముగ్గురు ఖాళీ సంచులతో వెళ్తారు.

కొందరు బళ్లకు బళ్లు ఎత్తుకుపోవడం వల్లే కదా కొరత? నేను తీసుకున్నవి రెండే.

ఈ మాట ప్రతి ఒక్కరూ అంటారు, అందరూ నిజమే చెబుతారు. అయినా అర ఖాళీ అవుతుంది. లెక్క వేసి చూద్దాం.

ఒక దుకాణం మీద వెయ్యి ఇళ్లు ఆధారపడ్డాయనుకోండి. ఒక్కో ఇల్లు వారానికి ఒక ప్యాకెట్ కొంటుంది. అందరూ ఒకే రోజున రారు కనుక రోజుకు సుమారు 143 ప్యాకెట్లు అమ్ముడవుతాయి. దుకాణదారు జాగ్రత్తపరుడు, పది రోజుల సరుకు ముందే పెట్టుకున్నాడు, అంటే 1,430 ప్యాకెట్లు. ఇప్పుడు భయం మొదలైంది. వారమంతా విడివిడిగా రావలసినవాళ్లు ఒకే రోజున వచ్చారు, ఒక్కొక్కరు రెండేసి తీసుకున్నారు. 715వ మనిషి దగ్గర సరుకు అయిపోయింది. మిగిలిన 285 ఇళ్లకు ఒక్క ప్యాకెట్ కూడా లేదు.

ఇందులో అత్యాశపరుడు ఎవరూ లేరు. తయారీ ఆగలేదు, లారీ ఆగలేదు, ఆ ఊళ్లో పది రోజుల సరుకు చెక్కుచెదరకుండా ఉంది. కాకపోతే అది దుకాణం అరలో కాకుండా 715 వంటిళ్లలో ఉంది. గిడ్డంగి నిండా దాచేసే పెద్ద చేతులు లేవని కాదు, ఉంటాయి, వాళ్లకోసం చట్టాలూ ఉన్నాయి. కానీ మొదటి రోజున అర ఖాళీ చేసేది వాళ్లు కారు, మనమే.

సరుకు ఉంటే దుకాణానికి రావడానికి రోజులెందుకు పడుతుంది?

దుకాణం అర ఒక కుళాయి లాంటిది, చెరువు లాంటిది కాదు. రోజూ ఇంత పోతుంది అన్న అంచనా మీదే ఫ్యాక్టరీ నుంచి టోకు వ్యాపారి దాకా, అక్కడినుంచి చిల్లర దుకాణం దాకా ప్రతి ఏర్పాటూ జరిగి ఉంటుంది. లారీల సంఖ్య, దించే మనుషులు, ప్యాకింగ్ అట్టలు అన్నీ ఆ అంచనాకు తగ్గట్టే ఉంటాయి. ఒక్కరోజులో గిరాకీ అయిదింతలైతే సరుకున్నా దాన్ని మోసే చేతులు అయిదింతలు కావు.

దీనికి తోడు ఇంకో తమాషా జరుగుతుంది. చిల్లర దుకాణదారు భయపడి రెండింతలు ఆర్డరు పెడతాడు. అది చూసి టోకు వ్యాపారి మూడింతలు పెడతాడు. ఫ్యాక్టరీకి చేరేసరికి దేశం మొత్తం ఆ వస్తువు కోసమే బతుకుతోందా అన్నట్టు కనిపిస్తుంది. కొరడా పిడి కొద్దిగా కదిపితే చివర ఎంత ఊగుతుందో అలాగే, అందుకే సరఫరా రంగంలో దీన్ని కొరడా ప్రభావం అంటారు. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ పసిపిల్లల డైపర్ల ఆర్డర్లలో దీన్ని గమనించింది. పిల్లలు డైపర్లు వాడే వేగం వారం వారం మారదు, అయినా కంపెనీకి వచ్చే ఆర్డర్లు మాత్రం ఎగుడుదిగుడుగా ఉండేవి. భయం తగ్గాక ఇదే కొరడా వెనక్కి తగులుతుంది. ఇళ్లన్నీ నిండి ఉంటాయి కనుక రెండు నెలలపాటు ఎవరూ కొనరు, గిడ్డంగిలో సరుకు పేరుకుపోతుంది.

పుకారు నమ్మనివాళ్లు కూడా ఎందుకు కొంటారు?

నాకు మిగతా అన్నిటికంటే ఆసక్తికరంగా అనిపించే ప్రశ్న ఇదే. 2020 ఫిబ్రవరి చివర్లో జపాన్‌లో ఒక పుకారు లేచింది: మాస్కులకూ టాయిలెట్ పేపరుకూ ముడిసరుకు ఒకటేననీ, అది చైనా నుంచి రావడం ఆగిపోతుందనీ. నిజానికి జపాన్ వాడే టాయిలెట్ పేపరు దాదాపు అంతా ఆ దేశంలోనే తయారవుతుంది. పుకారు అబద్ధమని పత్రికలు, టీవీలు వెంటనే చెప్పాయి. అయినా అరలు ఖాళీ అయ్యాయి. ఎందుకంటే కొనడానికి పుకారు నమ్మనక్కర్లేదు. పక్కవాళ్లు నమ్ముతారేమో అనుకుంటే చాలు. వాళ్లు కొనేస్తే నాకు దొరకదు, కాబట్టి వాళ్లకంటే ముందు నేను కొనాలి. ఈ తర్కంలో తప్పు పట్టడం కష్టం.

ఆ దేశానికి ఇది కొత్త కూడా కాదు. 1973 చమురు సంక్షోభం రోజుల్లో కాగితం పొదుపుగా వాడమని మంత్రి నకసోనె యసుహిరో చెప్పారు. కొద్ది రోజులకే, నవంబరు మొదట్లో, ఒసాకా పక్కన సెన్రి న్యూ టౌన్‌లో టాయిలెట్ పేపరు కోసం జనం బారులు తీరారు. అదే సంవత్సరం డిసెంబరు 19న అమెరికాలో హాస్య వ్యాఖ్యాత జానీ కార్సన్ తన టీవీ కార్యక్రమంలో టాయిలెట్ పేపరు కొరత వచ్చిందని సరదాగా అన్నాడు. నవ్వుకున్నవాళ్లే దుకాణాలకు వెళ్లి కొన్నారు, తర్వాత నిజంగానే కొరత కనిపించింది. తనను తాను నిజం చేసుకునే ఈ రకం జోస్యానికి 1948లో పేరు పెట్టి వివరించిన సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ బ్యాంకును ఉదాహరణగా తీసుకున్నాడు. దివాలా తీస్తుందని అందరూ డబ్బు వెనక్కి తీసుకుంటే నిక్షేపంలాంటి బ్యాంకు కూడా దివాలా తీస్తుంది.

ప్రతిసారీ టాయిలెట్ పేపరే ఎందుకు?

పెద్ద రహస్యమేమీ లేదు. అది చవక, పాడవదు, చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. చోటు ఎక్కువ తీసుకునేది కనుక దుకాణాలు కొంచెమే పెట్టుకుంటాయి. ఇరవై మంది కొనేసరికి గోడంత ఖాళీ కనిపిస్తుంది. అదే ఇరవై మంది అగ్గిపెట్టెలు కొంటే ఎవరి కంటికీ ఆనదు. పైగా జనం ఆఫీసులు మానేసి ఇళ్లలో ఉండిపోతే ఇంటి వాడకం నిజంగానే పెరుగుతుంది. ఆఫీసులకు వెళ్లే పెద్ద చుట్టలు ఇళ్లకు పనికిరావు, వాటిని చేసే యంత్రాలూ వేరు.

హాంకాంగ్‌లో 2020 ఫిబ్రవరిలో కత్తులతో వచ్చి బెదిరించి సుమారు 600 టాయిలెట్ పేపరు చుట్టలు ఎత్తుకుపోయారు. కత్తి చూపించి దోచుకునేంత విలువ ఆ వస్తువుకు ఆ నెలలో వచ్చిందన్నమాట.

"కొరత లేదు, ఆందోళన పడవద్దు" అని అధికారులు చెప్పినా జనం వినరేమిటి?

ఆ వాక్యంలో చెవికి ఎక్కేవి రెండే మాటలు: కొరత, ఆందోళన. మామూలు రోజుల్లో ఎవరూ కొరత లేదని ప్రకటించరు కదా, ఇప్పుడెందుకు చెబుతున్నారు అన్న అనుమానం సహజం. నా దృష్టిలో పనికొచ్చే ప్రకటన వేరుగా ఉంటుంది: ఏ గిడ్డంగిలో ఎన్ని రోజుల సరుకు ఉంది, రేపు ఎన్ని గంటలకు లారీ వస్తుంది, ఒక్కొక్కరికి ఎన్ని ఇస్తారు. అంకెలు, వేళలు చెబితే మనిషి స్థిమితపడతాడు. పదిమందికి బుద్ధి చెబుతూ ఖాళీ అరల దృశ్యాలనే రోజంతా తిప్పి చూపించే టీవీ గురించి వేరే చెప్పాలా?

మందులు ముందే కొనిపెట్టుకోవచ్చా?

తిండి సరుకుకు వర్తించే ఓపిక మందులకు వర్తించదు. ఒక సబ్బు దొరక్కపోతే ఇంకో సబ్బు ఉంటుంది. ఒక రోగికి పడే మందు దొరక్కపోతే బదులు దొరకడం కష్టం.

2020 మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకు మందు అన్న ప్రచారం మొదలైంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మార్చి 28న అత్యవసర వాడకానికి అనుమతి ఇచ్చింది, జూన్ 15న దాన్ని రద్దు చేసింది. ఆ జూన్ మొదటి వారంలోనే బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో ఆసుపత్రిలో చేరినవాళ్లకు దానివల్ల మేలు లేదని తేలింది. ఈలోపు ఆ మాత్ర మీదే రోజులు గడిపే లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు), కీళ్లవాతం రోగులు మందుల షాపుల చుట్టూ తిరిగారు. ముందుజాగ్రత్తగా కొన్నవాళ్లకు అది ఎందుకూ పనికిరాలేదు, అవసరమున్నవాళ్లకు దొరకలేదు.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం లేచినప్పుడు టెట్రాసైక్లిన్ కథ ఇంకో రకం. అది ప్లేగుకు నిజంగా పనిచేసే మందే. కానీ వ్యాధి సోకే అవకాశమే లేని దూరపు నగరాల్లో కూడా జనం కొనేశారు. పనిచేసే మందు అవసరం లేని చోటికి చేరడం కూడా కొరతే.

మరి ఏం చేయాలి? రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, థైరాయిడ్ వంటివాటికి రోజూ వాడే మందు ఉంటే, డాక్టర్ చీటీ ప్రకారం నెల సరుకు అయిపోకముందే, పది పన్నెండు రోజులు మిగిలి ఉండగానే తెచ్చుకునే అలవాటు చేసుకోండి. ఆ పది రోజులే మీ నిల్వ. విప్పని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే పనికిరాదు. కాబట్టి ఫ్రిజ్ నిండా పేర్చి, కరెంటు పోయినప్పుడు కంగారుపడేంత కొనకండి. జ్వరానికి పారాసిటమాల్ ఒకటి రెండు అట్టలు చాలు. పెద్దవాళ్లకు సైతం రోజుకు 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో కూడా అదే మందు కలిసి ఉంటుందని చాలామంది గమనించరు. యాంటీబయాటిక్స్ అసలు దాచకండి. అవి వైరస్ మీద పనిచేయవు, మిగిలిపోయినవి అరకొరగా వేసుకుంటే రేపు నిజంగా అవసరమైన రోజున పనిచేయకుండా పోతాయి.

ఫలానాది తింటే వ్యాధి రాదట, అది కొనమంటారా?

2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిన తర్వాత అయోడిన్ ఉప్పు అణుధార్మికత నుంచి కాపాడుతుందని చైనాలో ప్రచారం జరిగి, దుకాణాల్లో ఉప్పు మాయమైంది. థైరాయిడ్‌ను కాపాడే అయోడిన్ మాత్రలో సుమారు 100 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. అది ఉప్పు ద్వారా రావాలంటే కిలోల కొద్దీ ఉప్పు ఒక్కసారే తినాలి. అణుధార్మికత సంగతి తర్వాత, ఆ ఉప్పే ప్రాణం తీస్తుంది. ఏదైనా అద్భుత వస్తువు గురించి విన్నప్పుడు "ఎంత తినాలి?" అని ఒక్క ప్రశ్న అడగండి, సగం పుకార్లు అక్కడే ఆగుతాయి.

సరే, ఇంట్లో ఎంత ఉండాలి?

ముందు ఒక సంగతి తేల్చుకోండి: వ్యాధి భయంలో సాధారణంగా ఆగిపోయేది ఏమిటి? భూకంపంలోలా కుళాయి ఆగదు, తుఫానులోలా దారులు తెగవు. ఆగిపోయేది మీరు. ఇంట్లో ఒకరికి జబ్బు చేసి రెండు వారాలు గడప దాటలేకపోవచ్చు. కాబట్టి మీ నిల్వ దుకాణంలో సరుకు లేని రోజుల కోసం కాదు, మీరు దుకాణానికి వెళ్లలేని రోజుల కోసం. ఇలా చూస్తే లెక్క దానంతటదే తేలికవుతుంది: రెండు వారాలు.

దానికి కొత్త జాబితా ఏదీ అక్కర్లేదు. మీ ఇంట్లో రెండు వారాల్లో నిజంగా ఏం ఖర్చవుతుందో ఒక కాగితం మీద రాసుకోండి. చాలామందికి ఆ అంకె అనుకున్నదాంట్లో సగమే ఉంటుంది. రోజూ తినేవే కొనండి. భయంలో కొన్న అలవాటు లేని డబ్బా తిండి మూడేళ్లు అక్కడే కూర్చుంటుంది. కొత్తది వెనక, పాతది ముందు పెట్టి, ముందున్నది వాడండి. గింజ ధాన్యాల్లో పురుగు ఎక్కడినుంచో ఎగిరి రానక్కర్లేదు, తరచూ గుడ్ల రూపంలో సంచితోపాటే వస్తుంది. అందుకే ఎక్కువ కొన్నకొద్దీ పురుగుకు పంట. వీలుంటే చిన్న మొత్తాలను నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత బిగుతు మూత డబ్బాలో పోయండి.

పసిపిల్లల పాలపొడి, ప్రత్యేక ఆహారం వాడే వ్యాధిగ్రస్తుల సరుకు, పెంపుడు జంతువుల తిండి జాబితాలో పైన ఉండాలి, వాటికి బదులు ఉండదు కనుక. విరేచనాలకు వాడే ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు చాలు. అవి లేకపోయినా లీటరు శుభ్రమైన నీటిలో తలగీసిన ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు కలిపి తాగించవచ్చు. కొలత తప్పకూడదు.

శానిటైజరు, బ్లీచింగ్ ద్రవం, మాస్కులు?

చేతులకు సబ్బు, నీళ్లు ఉంటే శానిటైజరు రెండో రకమే. కొనేటట్టయితే ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉందో లేదో సీసా మీద చూడండి. కొరత రోజుల్లో నాసిరకం సరుకు వెల్లువెత్తుతుంది. 2020లో మిథనాల్ అనే విషం కలిసిన శానిటైజర్ల మీద అమెరికాలో హెచ్చరికలు జారీ చేయాల్సి వచ్చింది. డజన్ల కొద్దీ సీసాలు వంటగదిలో పెట్టడం నిప్పు పక్కన ఇంధనం పెట్టడమే. బ్లీచింగ్ ద్రవం కాలం గడిచేకొద్దీ బలం కోల్పోతుంది, నీళ్లు కలిపినది ఏ రోజుకారోజు చేసుకోవాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో దాన్ని ఎన్నడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.

మాస్కుల విషయంలో 2020 మార్చి 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క గుర్తుంచుకోదగ్గది. వైద్య సిబ్బందికి నెలకు 8.9 కోట్ల మాస్కులు కావాలనీ, తయారీ 40 శాతం పెరగాలనీ, సర్జికల్ మాస్కుల ధర అప్పటికే ఆరు రెట్లు అయిందనీ ఆ సంస్థ చెప్పింది. ఇంట్లో పెట్టెడు మాస్కులు ఉన్న మనిషి జబ్బు పడితే, చికిత్స చేయాల్సిన నర్సు ముఖానికి అది ఉండాలి.

ఒక్కొక్కరికి ఇన్నే అన్న నియమం వల్ల ఉపయోగం ఉందా?

ఉంది, త్వరగా పెడితే. పైన వేసిన లెక్కలో రెండు బదులు ఒక్కటే ఇచ్చి ఉంటే వెయ్యి ఇళ్లకూ అందేది, ఇంకా 430 మిగిలేవి. అర ఖాళీ అయ్యాక బోర్డు పెడితే మాత్రం అది కొరతకు ధ్రువపత్రంలా పనిచేస్తుంది. పెద్ద కుటుంబాలకు ఇబ్బందే, దానికి వెసులుబాటు ఉండాలి. 2020 మార్చిలో ఆస్ట్రేలియాలోని సూపర్ మార్కెట్లు పొద్దున్నే ఒక గంట వృద్ధులకు, వికలాంగులకు కేటాయించాయి. అది నాకు నచ్చిన ఏర్పాటు.

ఎందుకంటే ముందే కొనిపెట్టుకోమన్న సలహా అందరికీ చెల్లదు. ఏ రోజు సంపాదన ఆ రోజు ఖర్చయ్యే ఇంట్లో రెండు వారాల సరుకు అన్న మాటే ఎగతాళిలా వినిపిస్తుంది. వాళ్లకు అర మీద సరుకు ఉండటమే నిల్వ.

భయం ఇప్పటికే మొదలైంది, మా ఇంట్లో ఏమీ లేదు. ఏం చేయమంటారు?

ఈ వారానికి కావలసింది కొనండి. పై వారానికి కావలసింది పై వారం కొనండి. మొదటి రోజు సాయంత్రం వరుసలో నిలబడటం కన్నా మూడు నాలుగు రోజులు ఆగి పొద్దున్నే వెళ్లడం మేలు. చాలా సరుకులు తిరిగి వస్తాయి. కిక్కిరిసిన వరుసలో గంటసేపు నిలబడటమే వ్యాధి అంటుకునే సులువైన మార్గం అన్నది కొనే తొందరలో అందరం మరిచిపోతాం. మందులు మాత్రం ఆగవద్దు, చీటీ తీసుకుని ఈరోజే వెళ్లండి.

తర్వాత మిగిలిపోయినవి ఏం చేయాలి?

మొదట్లో చెప్తానన్నది ఇదే. రెండేళ్ల కిందట మా అటకమీది అట్టపెట్టె దించాను. భయం రోజుల్లో కొన్నవే అన్నీ. రబ్బరు చేతి తొడుగులు ఒకదానికొకటి అంటుకుపోయి, లాగితే జిగురులా సాగాయి. మాస్కుల చెవి తాళ్లు పట్టుకోగానే తెగాయి. రెండు శానిటైజరు సీసాల్లో మూత వదులై సగం ద్రవం ఆవిరైపోయింది. పదకొండు సబ్బులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, వాటిని నిరుటి దాకా వాడాం.

గడువు తీరిన మందులను ఎవరికీ ఇవ్వకండి, కాలువలో పారేయకండి. మందుల షాపువాళ్లు వెనక్కి తీసుకుంటారేమో అడగండి. గడువు ఉన్న తిండి సరుకును తేదీకి నెల ముందే ఎవరికైనా ఇచ్చేయండి, తేదీ దగ్గరపడ్డాక ఇస్తే తీసుకునేవాళ్లకు అది మర్యాదగా ఉండదు. శానిటైజరును సింకులో ఒంపకుండా, పొయ్యికి దూరంగా, తలుపులు తీసి, అద్దాలు తుడవడానికి వాడేయండి. నేను అలాగే వాడాను. ఒక సీసాకు మా ఇంటి కిటికీలన్నీ అయ్యాయి, రెండోది ఇంకా సగం ఉంది.